ఒక్క అంకె తీర్పు కాదు
(ప్రోస్టేట్ క్యాన్సర్ గతిని తెలిపే సూచికలు)

గత రెండు సంచికలలో రక్తపోటును గురించి, మధుమేహాన్ని గురించి ముచ్చటించుకున్నాము. ఆ వ్యాసాలు చదివిన సహోద్యోగులు, ముఖ్యంగా పదవీ విరమణకు దగ్గరపడినవారు, ఇటీవల మమ్మల్ని తరచుగా అడుగుతున్న విషయం వేరొకటి ఉన్నది. వార్షిక వైద్య పరీక్షల కాగితం చేతికి వస్తుంది. అందులో పి.ఎస్.ఎ. అన్న అక్షరాల ఎదుట ఒక అంకె ఉంటుంది. ఆ అంకె 4 దాటిందంటే కొందరి ఇండ్లలో ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించదు. మరికొందరు "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అనుకొని ఆ కాగితాన్ని బీరువాలో అడుగున పెట్టి మరచిపోతారు. భయపడినవారూ, మరచిపోయినవారూ చేస్తున్న పని ఒకటే. ఒక్క అంకెను చూచి తమకు తామే తీర్పు చెప్పుకుంటున్నారు.

మేము వైద్యులము కాము. ఇంజనీరింగ్ చదివి, మూడు దశాబ్దాలుగా యంత్రాల నడుమ మెలగుతున్నవారము. అయితే ఒక్క మీటరు రీడింగును చూచి యంత్రం ఆయుర్దాయాన్ని చెప్పరాదన్న సంగతి మా వృత్తిలో అందరికన్న ముందు నేర్చుకునే పాఠం. బేరింగు ఉష్ణోగ్రత ఈ రోజు ఎంత అన్నదానికన్న, గత మూడు నెలలలో ఎట్లు మారుతూ వచ్చినదన్నది ముఖ్యం. దానితోపాటు కంపనం, నూనెలో లోహపు రజను, యంత్రం వయస్సు, దానిపై పడే భారం, ఇవన్నీ కలిపి చూచిన తరువాతనే మరమ్మతును గురించిన నిర్ణయం. ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో నిపుణులైన వైద్యులు చేసే ఆలోచన కూడా దాదాపు ఇట్టిదే. ఆ ఆలోచనా క్రమాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇద్దరు మనుష్యులు, ఒకే అంకె

ఉదాహరణకు కోల్‌కతాలోనే నివసించే ఇద్దరిని ఊహించుకుందాము. సాల్ట్ లేక్‌లో ఉండే మొదటివారికి 74 ఏండ్లు. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగినది. బెహాలాలో ఉండే రెండవవారికి 58 ఏండ్లు. ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు, ఉదయం 5 కిలోమీటర్లు నడుస్తారు. ఇద్దరికీ పి.ఎస్.ఎ. 9 నానోగ్రాములు అని వచ్చినది. ఇద్దరికీ బయాప్సీ చేశారు, ఇద్దరిలోనూ క్యాన్సర్ ఉన్నట్లు తేలినది. ఇంతవరకు చూస్తే ఇద్దరి పరిస్థితీ ఒకటే. కాని మొదటివారికి బహుశా ఏ చికిత్సా వెంటనే అవసరం ఉండకపోవచ్చును. రెండవవారికి ఆలస్యం చేస్తే ప్రాణాపాయమే రావచ్చును. ఈ తేడా ఎక్కడనుండి వచ్చినదో క్రమంగా చూద్దాము.

ప్రోస్టేట్ గ్రంథిని తెలుగు వైద్య గ్రంథాలలో పౌరుష గ్రంథి అంటారు. పెద్ద ఉసిరికాయంత పరిమాణంలో, మూత్రాశయానికి సరిగ్గా క్రింద, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉంటుంది. వయస్సుతోపాటు ఇది లావెక్కడం చాలమంది పురుషులలో జరిగేదే. ఆ వాపు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. రాత్రి పలుమార్లు లేవవలసి రావడం, మూత్రం ధార సన్నబడడం ఎక్కువగా ఈ వాపు వలన కలిగే ఇబ్బందులే. క్యాన్సరైతే తొలి దశలో సాధారణంగా ఏ బాధా కలిగించదు. అందువలన లక్షణాలు లేవన్న ధైర్యమూ, లక్షణాలున్నవన్న భయమూ రెండూ నమ్మదగినవి కావు.

ఇది పాశ్చాత్యుల జబ్బు, మనకు రాదు అన్న అభిప్రాయం చాలకాలం ఉండేది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో నడిచే జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలను 2014లో సమీక్షించినప్పుడు, ఢిల్లీ, పుణే, తిరువనంతపురాలతోపాటు మన కోల్‌కతాలో కూడా పురుషులకు వచ్చే క్యాన్సర్లలో ఇది రెండవ స్థానంలో ఉన్నట్లు తేలినది. మనం నివసించే ఈ నగరానికి క్యాన్సర్ వైద్యంలో పాత చరిత్ర ఉన్నది. హాజ్రా కూడలి దగ్గర ఉన్న చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రిని 1950 జనవరి 2న ప్రారంభించినవారు మేరీ క్యూరీ కుమార్తె, స్వయంగా నోబెల్ బహుమతి గ్రహీత అయిన ఐరీన్ జోలియో-క్యూరీ. నేడు అది చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ. దాని రెండవ ప్రాంగణం 2022లో న్యూ టౌన్‌లో ప్రారంభమైనది. అదే న్యూ టౌన్‌లో టాటా మెడికల్ సెంటర్ 2011నుండి పనిచేస్తున్నది. వైద్యం దూరంలో లేదు. దాని వద్దకు ఏ ప్రశ్నలతో వెళ్ళాలన్నదే మనకు తెలియవలసినది.

సాధ్యాసాధ్య విచారణ

జబ్బు గతిని ముందుగా అంచనా వేయడం కొత్త విద్య కాదు. చరక సంహితలో వైద్యుడు చికిత్స మొదలుపెట్టక ముందు వ్యాధి సాధ్యమా, అసాధ్యమా అని విచారించాలని చెప్పబడినది. సులభంగా నయమయ్యేది సుఖసాధ్యం. కష్టంతో నయమయ్యేది కృచ్ఛ్రసాధ్యం. పూర్తిగా పోకపోయినా మందులతో, పథ్యంతో అదుపులో ఉంచగలిగినది యాప్యం. చికిత్సకు లొంగనిది ప్రత్యాఖ్యేయం. ఈ నాలుగు మాటలూ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆశ్చర్యం కలిగించేటంతగా సరిపోతాయి. క్యాన్సర్ అనగానే నాలుగవ మాట ఒక్కటే మనస్సుకు తోస్తుంది. నిజానికి ఈ జబ్బు పడినవారిలో మొదటి మూడు వర్గాలవారు ఎందరో ఉంటారు. ఎవరు ఏ వర్గానికి చెందుతారో తెలిపేవే మనం ఇప్పుడు చెప్పుకోబోయే సూచికలు.

మొదటి సూచిక: కణాల తీరు

అన్నింటిలో బలమైన సూచిక సూక్ష్మదర్శిని క్రింద కణాలు కనిపించే తీరు. అమెరికాలోని మినియాపోలిస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్టు 1966లో దీనికి ఒక కొలమానాన్ని ప్రతిపాదించారు. క్యాన్సర్ కణాలు సహజమైన గ్రంథి అమరికను ఎంతవరకు నిలుపుకున్నవో, ఎంతవరకు చెదిరిపోయినవో చూచి 1నుండి 5 వరకు అంకె వేస్తారు. ఎక్కువ భాగంలో కనిపించిన తీరుకు ఒక అంకె, దాని తరువాతి తీరుకు మరొక అంకె వేసి రెండింటినీ కూడుతారు. దానినే గ్లీసన్ స్కోరు అంటున్నారు. నేటి బయాప్సీ నివేదికలలో ఇది సాధారణంగా 6నుండి 10 వరకు ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. నివేదికలో 6 అని చూచినవారు పదింట ఆరు అనుకొని జబ్బు సగానికి పైగా ముదిరినదని భయపడతారు. వాస్తవానికి 6 అన్నదే అన్నింటికన్న మెతకది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 2014లో అంతర్జాతీయ యూరాలజీ పాథాలజిస్టుల సంఘం 1నుండి 5 వరకు కొత్త వర్గాలను అంగీకరించినది. స్కోరు 6 అయితే ఒకటవ వర్గం. 3 + 4 అయితే రెండవది. 4 + 3 అయితే మూడవది. 8 అయితే నాలుగవది. 9, 10 అయితే అయిదవది. మూడూ నాలుగూ కూడినా, నాలుగూ మూడూ కూడినా మొత్తం 7 అనే కదా అని మనబోటి లెక్కల మనుష్యులకు అనిపించవచ్చును. కాని మొదటి అంకె ఎక్కువ భాగంలో ఉన్నదానిని తెలుపుతుంది కనుక, ఆ రెండూ ఒకటి కావు.

అమెరికాలో, ఐరోపాలో 5 పెద్ద ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయించుకున్న 20 వేలకు పైగా పురుషులను పరిశీలించి 2016లో ప్రకటించిన అధ్యయనం ఈ తేడాను స్పష్టం చేసినది. 5 సంవత్సరాల తరువాత పి.ఎస్.ఎ. మళ్ళీ పెరగకుండా ఉన్నవారు ఒకటవ వర్గంలో 96 శాతం, రెండవ వర్గంలో 88 శాతం, మూడవ వర్గంలో 63 శాతం, నాలుగవ వర్గంలో 48 శాతం, అయిదవ వర్గంలో 26 శాతం. రెండవ మెట్టుకూ మూడవ మెట్టుకూ నడుమ ఉన్న ఎత్తును గమనించండి. బయటకు రెండూ 7 గానే కనిపిస్తాయి.

బయాప్సీలో సాధారణంగా 10, 12 చోట్ల సూదితో సన్నని ముక్కలు తీస్తారు. వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ ఉన్నది, ఒక్కొక్క ముక్కలో ఎంత భాగం ఆక్రమించినది అన్నవి కూడా లెక్కకు వస్తాయి. స్లైడును చదవడంలో ఇద్దరు నిపుణుల నడుమ అభిప్రాయ భేదం రావడం అసాధారణం కాదు. కనుక పెద్ద చికిత్సకు ముందు అవే స్లైడులను, మైనపు దిమ్మెలను క్యాన్సర్ కేంద్రంలో మరొకమారు చదివించడం మంచి పద్ధతి. దీనిని మొదటి డాక్టరుగారిపై అపనమ్మకంగా భావించనక్కరలేదు. వెల్డింగును రెండవమారు తనిఖీ చేయించడం వెల్డరును అవమానించడం కాదు కదా!

రెండవ సూచిక: దశ

రెండవది, జబ్బు ఎంతవరకు వ్యాపించినదన్నది. వ్రేలికి తగలకుండా, బయాప్సీలో మాత్రమే దొరికితే టి1. గ్రంథి లోపలనే గడ్డగా ఉంటే టి2. గ్రంథి పొరను దాటితే, లేదా వీర్యకోశాలలోనికి ప్రవేశిస్తే టి3. పక్క అవయవాలను పట్టుకొంటే టి4. దీనితోపాటు లింఫు గ్రంథులకు చేరినదా, ఎముకలకు చేరినదా అని చూస్తారు. ఎం.ఆర్.ఐ., ఎముకల స్కాన్, ఇటీవలి కాలంలో పి.ఎస్.ఎం.ఎ. పెట్ స్కాన్ ఇందుకు ఉపకరిస్తున్నాయి. అమెరికా దేశపు లెక్కలలో, జబ్బు గ్రంథిలోగాని ఆ చుట్టుపట్లగాని ఉండగా కనుగొన్నవారిలో 5 సంవత్సరాల మనుగడ దాదాపు 100 శాతం. దూరపు అవయవాలకు చేరిన తరువాత కనుగొన్నవారిలో అది సుమారు మూడవ వంతు మాత్రమే. మన దేశంలో ఈ రెండవ దశలో ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువ. నడుము నొప్పి వయస్సు వలన వచ్చినదే అనుకొని నెలల తరబడి తైలాలు మర్దించుకొన్న తరువాత, అది వెన్నెముకకు ప్రాకిన జబ్బు అని తెలియడం అరుదైన విషయం కాదు.

మూడవ సూచిక: పి.ఎస్.ఎ.

ఇక మనం ఆరంభంలో చెప్పుకున్న అంకె. పి.ఎస్.ఎ. ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక మాంసకృత్తు. చికిత్స తరువాత వ్యాధిని గమనించడానికి దీనిని అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 1986లో అనుమతించినది. వ్రేలి పరీక్షతోపాటు జబ్బును కనిపెట్టడానికి 1994లో అనుమతించినది. ఇది గ్రంథిని గురించిన సూచికయే గాని, క్యాన్సర్‌ను మాత్రమే తెలిపే సూచిక కాదు. గ్రంథి వాచినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం బిగిసి గొట్టం వేసినా ఇది పెరుగుతుంది. గ్రంథి వాపునకు ఫినాస్టిరైడ్, డుటాస్టిరైడ్ వంటి మందులు నెలల తరబడి వాడుతున్నవారిలో ఇది సుమారు సగానికి తగ్గి కనిపిస్తుంది. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పకపోతే 8 ఉండవలసినది 4గా కనిపించి మోసం చేస్తుంది. మరొక విశేషమేమంటే, మిక్కిలి క్రూరమైన కొన్ని క్యాన్సర్లు పి.ఎస్.ఎ.ను ఎక్కువగా తయారుచేయవు. అంకె చిన్నదైనంత మాత్రాన జబ్బు చిన్నదని అర్థం కాదు.

మూడింటినీ కలిపి చదవడం

ఈ మూడు సూచికలను కలిపి చదివే ఒక పద్ధతిని 1998లో డి'అమికో అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించారు. పి.ఎస్.ఎ. 10కి మించక, గ్లీసన్ 6కు మించక, గడ్డ గ్రంథిలో ఒక పక్క సగభాగానికి మించక ఉంటే తక్కువ ప్రమాదం. పి.ఎస్.ఎ. 20 దాటినా, గ్లీసన్ 8గాని అంతకు మించిగాని ఉన్నా, గడ్డ రెండు పక్కలకు పాకినా ఎక్కువ ప్రమాదం. నడుమ ఉన్నవారు మధ్యస్థం. ఇక్కడ ముఖ్యమైన నియమం ఏమంటే, మూడింటిలో ఏది చెడ్డగా ఉంటే దానినిబట్టియే వర్గం నిర్ణయమవుతుంది. గొలుసు బలం దాని బలహీనమైన లంకెను బట్టి ఉంటుందన్నది మనకు తెలిసినదే.

స్లైడ్ రూల్ వాడిన తరంవారికి మరొక సంగతి నచ్చుతుంది. అనేక గీతల మీద పాయింట్లు గుర్తించి, వాటిని కూడి ఫలితాన్ని చదివే నోమోగ్రామ్ అనే పటాన్ని మనం పంపుల లెక్కలకు, ఆవిరి లెక్కలకు వాడుకున్నాము. 1998లో మైకేల్ కాటన్, ఆయన సహచరులు అదే పద్ధతిలో, శస్త్రచికిత్స తరువాత జబ్బు తిరిగి వచ్చే అవకాశం ఎంతో చెప్పే నోమోగ్రామును తయారుచేశారు. నేడు అట్టివి అనేకం కంప్యూటర్లలో లభిస్తున్నవి.

ఇప్పుడు మన ఇద్దరి వద్దకు తిరిగి వద్దాము. సాల్ట్ లేక్ పెద్దాయనకు 12 ముక్కలలో 2 ముక్కలలో మాత్రమే, అదీ గ్లీసన్ 6. గడ్డ వ్రేలికి తగలలేదు. బెహాలా మిత్రునికి 12 ముక్కలలో 9 ముక్కలలో గ్లీసన్ 4 + 5; గ్రంథి పొరను దాటినది. పి.ఎస్.ఎ. ఇద్దరికీ 9 అయినప్పటికీ, ఒకరు తక్కువ ప్రమాదంలోనూ, మరొకరు ఎక్కువ ప్రమాదంలోనూ ఉన్నారు.

వేచి చూడడమూ వైద్యమే

తక్కువ ప్రమాదం ఉన్నవారికి వెంటనే కత్తి పెట్టకుండా, క్రమం తప్పక పి.ఎస్.ఎ., ఎం.ఆర్.ఐ., అవసరమైతే మళ్ళీ బయాప్సీ చేస్తూ కనిపెట్టి ఉండే పద్ధతి నేడు అంగీకృతమైనది. దీనికి మంచి ఆధారం బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అనే అధ్యయనం. గ్రంథికే పరిమితమైన జబ్బు ఉన్న 1,643 మంది పురుషులను చీటీ వేసినట్లు మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి నిఘా, ఒక భాగానికి శస్త్రచికిత్స, ఒక భాగానికి రేడియేషన్. సుమారు 15 సంవత్సరాల తరువాత, 2023లో ఫలితాలు వెల్లడించారు. ప్రోస్టేట్ క్యాన్సర్ వలన మరణించినవారు నిఘా భాగంలో 3.1 శాతం, శస్త్రచికిత్స భాగంలో 2.2 శాతం, రేడియేషన్ భాగంలో 2.9 శాతం. ఈ తేడాలు లెక్కకు వచ్చేటంతటివి కావు. అయితే జబ్బు ఇతర అవయవాలకు వ్యాపించినవారు నిఘా భాగంలో 9.4 శాతం కాగా, మిగిలిన రెండింటిలో 5 శాతం చుట్టుపట్ల ఉన్నారు. కాబట్టి నిఘా అంటే నిర్లక్ష్యం కాదు. పరీక్షల తేదీలు మరచేవారికి నిఘా పద్ధతి పనికిరాదు. మరొకవైపు శస్త్రచికిత్స, రేడియేషన్ మూత్రం అదుపు తప్పడం, దాంపత్య జీవితానికి ఆటంకం, మలద్వారపు ఇబ్బంది వంటి బాధలను తీసుకురావచ్చును. అవసరం లేనివారు వాటిని కొనితెచ్చుకోకుండా ఉండడానికి కూడా ఈ సూచికలు పనికివస్తాయి.

వేగం

గ్రంథిని తీసివేసిన తరువాత పి.ఎస్.ఎ. దాదాపు శూన్యానికి రావాలి. మళ్ళీ 0.2కు చేరితే జబ్బు తిరిగి తల ఎత్తినట్లు భావిస్తారు. ఇది విన్న కుటుంబాలు ఇక అంతా అయిపోయినదనుకుంటాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు 1999లో ప్రకటించిన వివరాలను చూడండి. పి.ఎస్.ఎ. తిరిగి పెరిగినప్పటికీ వెంటనే హార్మోన్ చికిత్స తీసుకోని 304 మందిలో, పెరిగిన నాటినుండి జబ్బు ఇతర అవయవాలలో కనిపించడానికి పట్టిన మధ్యస్థ కాలం 8 సంవత్సరాలు.

అయితే ఈ 8 సంవత్సరాలు అందరికీ ఒకటే కాదు. ఇక్కడ చూడవలసినది వేగం. పి.ఎస్.ఎ. ఎంతకాలానికి రెట్టింపు అవుతున్నదో లెక్కిస్తారు. 0.2 ఉన్న అంకె సంవత్సరానికి ఒకమారు రెట్టింపయితే ఏడాది చివర 0.4 అవుతుంది. మూడు నెలలకు ఒకమారు రెట్టింపయితే అదే ఏడాది చివర 3.2 అవుతుంది. రెట్టింపు కాలం 15 నెలలకు మించి ఉంటే జబ్బు నెమ్మదియైనది. 9 నెలల లోపున ఉంటే జాగ్రత్త పడవలసినది. 3 నెలల లోపున ఉంటే మిక్కిలి ప్రమాదకరమైనది. ఈ లెక్క కట్టడానికి తేదీలతో కూడిన పాత రిపోర్టులు కావాలి. వీలయినంతవరకు ఒకే ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. రెండు వేర్వేరు మీటర్లతో తీసిన రీడింగులను ఒకే గ్రాఫు మీద పెట్టడం ఎంత ప్రమాదమో మనకు చెప్పనవసరం లేదు.

వ్యాపించిన తరువాత

ఎముకలకు చేరిన జబ్బులో కూడా అందరి గతీ ఒకటి కాదు. పురుష హార్మోన్‌ను ఆపివేస్తే ఈ క్యాన్సర్ కుంచించుకుపోతుందని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించారు. 1966లో ఆయన నోబెల్ బహుమతిలో భాగం పొందినది ఈ కృషికే. చరకుని మాటలో చెప్పాలంటే, వ్యాపించిన జబ్బును యాప్యంగా మార్చిన ఘనత ఆయనది. ఆ చికిత్సకు జబ్బు ఎట్లు స్పందించినదన్నదే తరువాతి సూచిక. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, 7 నెలల హార్మోన్ చికిత్స తరువాత పి.ఎస్.ఎ. 0.2 లేదా అంతకు తగ్గినవారి మధ్యస్థ మనుగడ 75 నెలలు. 0.2కూ 4కూ నడుమ ఉన్నవారికి 44 నెలలు. 4కు మించి ఉండిపోయినవారికి 13 నెలలు. ఆ తరువాత మెరుగైన మందులు వచ్చినవి కనుక నేటి కాలాలు ఇంతకన్న మిన్న. సూచిక మాత్రం నేటికీ చెల్లుతుంది.

ఎముకలలో ఎన్ని చోట్ల ఉన్నది, ఏ ఎముకలలో ఉన్నది, కాలేయం వంటి మెత్తని అవయవాలకు చేరినదా అన్నవి కూడా చూస్తారు. 4గాని అంతకు మించిగాని ఎముక మచ్చలుండి, వాటిలో ఒకటైనా వెన్నెముకకు, కటి ఎముకలకు వెలుపల ఉంటే, లేదా మెత్తని అవయవాలకు చేరి ఉంటే దానిని అధిక భారం అంటారు. 2015లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఈ అధిక భారం ఉన్నవారికి హార్మోన్ చికిత్సతోపాటు ఆరంభంలోనే డోసిటాక్సెల్ అనే మందు ఇచ్చినప్పుడు మధ్యస్థ మనుగడ 32.2 నెలలనుండి 49.2 నెలలకు పెరిగినది. అంటే ఈ సూచికలు భవిష్యత్తును చెప్పి ఊరుకోవు. ఏ మందు ఎవరికి ఎక్కువ మేలు చేస్తుందో కూడా చెబుతాయి. వీటితోపాటు హిమోగ్లోబిన్ తగ్గడం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎల్.డి.హెచ్. పెరగడం, ఆల్బుమిన్ పడిపోవడం వంటి మామూలు రక్త పరీక్షలు కూడా జబ్బు బలాన్ని తెలుపుతాయి.

మనిషిని చూడడం

ఇంతవరకు చెప్పినది జబ్బును గురించి. జబ్బు ఉన్న మనిషిని గురించిన సూచికలు కూడా ఉన్నవి. వయస్సు, గుండె, మధుమేహం, రోజంతా తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా, సగం పగలు పడకలోనే గడుపుతున్నారా అన్నవి నిపుణులు తప్పక అడుగుతారు. మన సాల్ట్ లేక్ పెద్దాయనకు ఈ నెమ్మది క్యాన్సర్‌కన్న ఆయన గుండెయే పెద్ద ప్రమాదం. ఆయన మీద శస్త్రచికిత్స చేయకపోవడం ఆశ వదులుకోవడం కాదు. ఆయన మిగిలిన సంవత్సరాలను కాపాడడం. బెహాలా మిత్రునికి ముందు ఎంతో జీవితం ఉన్నది, చికిత్సను తట్టుకునే శక్తి ఉన్నది. ఆయన విషయంలో ఒక్క నెల కూడా వృథా చేయరాదు.

కుటుంబ చరిత్ర కూడా ముఖ్యం. తండ్రికి, సోదరులకు ఈ జబ్బు ఉండడమే కాక, తల్లికి, అక్కచెల్లెండ్రకు రొమ్ము క్యాన్సర్‌గాని, అండాశయ క్యాన్సర్‌గాని ఉంటే తప్పక చెప్పాలి. బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం ఉన్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ చురుకుగా ఉంటుంది. ఆ లోపం కుమారులకే కాక కుమార్తెలకు కూడా సంక్రమించవచ్చును. తండ్రి రిపోర్టు ఇట్లు కుమార్తె ఆరోగ్యానికి కూడా హెచ్చరిక కాగలదు.

ఆయనకు చెప్పాలా, వద్దా?

మన ఇండ్లలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉన్నది. పరీక్షల గది బయట భార్యగాని, కుమారుడుగాని డాక్టరుగారిని పక్కకు పిలిచి, "ఆయనకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేరు" అంటారు. ఆ మాట ప్రేమతో అన్నదే. కాని ఈ జబ్బులో ఒకే సరైన దారి ఉండదు. నిఘాయా, శస్త్రచికిత్సయా, రేడియేషనా అన్నది నిర్ణయించడానికి, మూత్రం అదుపు తప్పడం తనకు ఎంత బాధ, ప్రతి ఆరు నెలలకు పరీక్షకై వెళ్ళడం తనకు ఎంత భారం అన్నది చెప్పగలిగినవారు ఆ ఒక్కరే. దాచిపెడితే ఆ నిర్ణయాన్ని ఆయన ప్రమేయం లేకుండానే తీసుకున్నట్లవుతుంది. ఆయన శరీరాన్ని గురించి ఇంటిలో అందరికీ తెలిసి ఆయనకు మాత్రమే తెలియకపోవడం న్యాయం కాదు. ఎంతవరకు వినదలచుకున్నారో ఆయననే అడిగి, అంతవరకు నెమ్మదిగా చెప్పడం మంచిది. అంతేకాదు, ఇందాక చూచినట్లు, పూర్తి వివరం చాలమందికి ఊహించుకున్న భయంకన్న తేలికగానే ఉంటుంది.

ఒక ఫైలు తెరవండి

ప్రతి యంత్రానికీ ఒక హిస్టరీ కార్డు ఉంచే మనం మన శరీరానికి ఉంచము. ఈ జబ్బు తేలినవారు ఒక ఫైలు తెరిచి అందులో ఈ క్రింది వివరాలు ఉంచుకోవాలని మా మనవి.

తేదీల వారీగా పి.ఎస్.ఎ. అంకెలు, పరీక్ష చేసిన ప్రయోగశాల పేరు, ఆ సమయంలో వాడుతున్న మందులు. బయాప్సీ నివేదిక, అందులో గ్లీసన్ స్కోరు రెండు అంకెలుగా, వర్గం, ఎన్ని ముక్కలలో ఎన్నింటిలో క్యాన్సర్ ఉన్నది. టి, ఎన్, ఎం అక్షరాలతో దశ. శస్త్రచికిత్స జరిగితే, కోసిన అంచులలో క్యాన్సర్ ఉన్నదా, వీర్యకోశాలకు, లింఫు గ్రంథులకు చేరినదా అన్న వివరం. స్కాన్ల నివేదికలు. ఇతర జబ్బుల జాబితా. కుటుంబ చరిత్ర.

మనలో చాలమంది పదవీ విరమణ తరువాత కోల్‌కతా విడిచి విశాఖపట్నమో, హైదరాబాదో, స్వగ్రామమో చేరుకుంటారు. అక్కడ విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ వంటివి ఉన్నవి. కాని ఊరు మారినప్పుడు వంటపాత్రలన్నీ లారీ ఎక్కుతాయి గాని, బయాప్సీ స్లైడులు ఇక్కడి ఆసుపత్రి అరలోనే ఉండిపోతాయి. బయలుదేరే ముందు వాటిని అడిగి తీసుకువెళ్ళండి. కొత్త డాక్టరుగారు మొదటి రోజుననే సరైన అంచనాకు రావడానికి అంతకన్న ఉపకారి మరొకటి లేదు.

డాక్టరుగారి ఎదుట కూర్చున్నప్పుడు "ఎంతకాలం బ్రతుకుతాను?" అన్న ప్రశ్నకు ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా వర్గం ఎంత? నా దశ ఏమిటి? నేను ఏ ప్రమాద శ్రేణిలో ఉన్నాను? వెంటనే చికిత్స చేయకపోతే ఏమవుతుంది? ఈ నాలుగింటికి జవాబులు దొరికితే మొదటి ప్రశ్నకు కూడా చాలవరకు జవాబు దొరికినట్లే. శాతాలు వేలమందిని చూచి కట్టిన లెక్కలు. అవి దారి చూపుతాయి గాని, ఒక్క మనిషికి తేదీ నిర్ణయించవు.

ఈ వ్యాసంలోని వివరాలు అవగాహన కొరకు మాత్రమే. చికిత్సను గురించిన నిర్ణయం మీ వైద్యుల సలహాతోనే జరగాలి. మొదట చెప్పుకున్నట్లు బీరువాలో అడుగున దాచిన రిపోర్టు ఎవరి ఇంటిలోనైనా ఉంటే, దానిని ఈ వారంలోనే పైకి తీసి యూరాలజిస్టుకు చూపించండి. వచ్చే సంచికలో మూత్రపిండాలలో రాళ్ళను గురించి ముచ్చటించుకుందాము.